తుపాకీ ఎంచిపెట్టిన డ్రైవరు

దోహాలోని అల్ హిలాల్ పేటలో, అర్జీలూ కాగితాలూ టైపు చేసిపెట్టే మా టైపింగ్ సెంటరుకు వచ్చేవాళ్ళు ఏం పని చేస్తారో వాళ్ళు నిలబడే తీరు చూసి చెప్పొచ్చు. సైటు పనివాళ్ళు గోడకు ఆనుకుంటారు. ఇంటి డ్రైవర్లు కారు తాళం వేలికి తిప్పుకుంటూ, అద్దంలోంచి బయట ఆపిన బండినే చూస్తుంటారు. రామాంజులు మాత్రం పాదాలు కలిపి, చేతులు వెనక్కి కట్టుకుని, తన వంతు వచ్చేదాకా కదలకుండా నిలబడేవాడు. మొదటిసారి చూసినప్పుడే అడిగాను.

"మిలిటరీలో చేశారా అన్నా?"

"పదిహేడేండ్లు. నీకెట్ల తెలిసె?" అన్నాడు, దొరికిపోయినవాడిలా నవ్వుతూ.

నాది కనిగిరి దగ్గర. ఆయనది రాయచోటి అవతల ఒక పల్లె. నన్ను గిరీ అనడు, అబ్బీ అంటాడు. తన యజమాని ఇంటి కాగితాలు ఏవి టైపు చేయించాలన్నా మా దగ్గరికే తెచ్చేవాడు. పనయ్యాక పక్కనే ఉన్న చాయ్ కొట్టు దగ్గర నిలబడి మాట్లాడుకునేవాళ్ళం. ఆయన కథ నాకు అలా కొంత కొంతగా తెలిసింది. ఇప్పుడాయనకు నలభై ఆరేళ్ళు.

సైన్యంలో రామాంజులు తుపాకులు బాగుచేసేవాడు. దాన్ని ఆర్మరర్ పని అంటారు. గొట్టాలు తుడవడం, స్ప్రింగులు మార్చడం, ఇరుక్కున్నవి విడదీయడం. పఠాన్‌కోట్ చలిలో వేళ్ళు కొంకర్లు పోతున్నా కళ్ళు మూసుకుని రైఫిలు విప్పి మళ్ళీ బిగించగలిగేవాడినని చెప్పేవాడు. హవల్దారుగా రిటైరై ఇంటికొచ్చాక అందరు మాజీ సైనికుల్లాగే లైసెన్సు తుపాకి తీసుకుని, ఊరికి దగ్గరలోని పట్నంలో ఒక కాంట్రాక్టరు ఇంట్లో గన్‌మ్యాన్‌గా చేరాడు. ఆ కాంట్రాక్టరుకు శత్రువులున్నారు. మూడేళ్ళు ఆ ఇంటి వరండాలో కూర్చుంటే ఒక్క శత్రువూ గడప తొక్కలేదు. ఒక మధ్యాహ్నం ఆయన తుపాకి గోడకు తగిలించి అన్నం ముందు కూర్చున్నాడు. లోపల కాంట్రాక్టరు కొడుకులిద్దరూ పంపకాల మీద పోట్లాడుకుంటున్నారు. పెద్దవాడు వరండాలోకి వచ్చాడు, తుపాకి అందుకున్నాడు, లోపలికి వెళ్ళాడు. చిన్నవాడి కాలు మోకాలి కింద తీసేయాల్సి వచ్చింది.

పోలీసులు రెండు రోజులు రామాంజులునే స్టేషనులో కూర్చోబెట్టారు. అన్నం తినడానికి తుపాకి ఎందుకు వదిలావని అడిగారు. బయటికి వచ్చాక లైసెన్సు సరెండర్ చేశాడు.

"తుపాకి తగలని పని యాదైనా సరే చేస్తా అనుకున్యా అబ్బీ. బండి తోలేది వచ్చు. ఈడికొచ్చినా," అన్నాడు ఒకసారి.

అలా ఖతార్ వచ్చి దోహా అంచున అల్ తుమామాలో ఫహద్ అనే ఆయన ఇంట్లో డ్రైవరుగా చేరాడు. ఫహద్ సర్కారు ఉద్యోగి, నలభై దాటినవాడు. భార్య, ముగ్గురు పిల్లలు, తల్లి. ఇంటి యజమానిని బాబా అనీ, ఇల్లాలిని మామా అనీ పిలవడం ఇక్కడి పనివాళ్ళ అలవాటు. వంటకూ ఇంటిపనికీ రాజంపేట మనిషి రమీజా ఉంది. ఫహద్ చెడ్డవాడు కాదు. ఇది నేను ముందే చెప్పాలి, రామాంజులు కూడా ఎప్పుడూ చెప్పేవాడు. జీతం ఒకటో తేదీ దాటనిచ్చేవాడు కాదు. రామాంజులుకు పంటినొప్పి వస్తే తానే కారు తోలుకుంటూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. పిల్లల్లో చిన్నది ఆరేళ్ళ పాప. రామాంజులు అనడం రాక "రంజూ" అని పిలిచేది. స్కూలుకు పోయేటప్పుడు దాని సీటు బెల్టు ఆయనే పెట్టాలి, ఇంకెవరు పెట్టినా ఒప్పుకునేది కాదు.

ఆరేళ్ళు అలా గడిచాయి. నిరుడు జూన్‌లో ఒక సాయంత్రం ఇరాన్ క్షిపణులు అమెరికా వాళ్ళ స్థావరం వైపు వచ్చాయి. చీకటి పడుతుండగా ఆకాశంలో ఎర్రటి చుక్కలు లేచాయి, వాటికి ఎదురు ఇంకొన్ని లేచాయి, తర్వాత కిటికీలు దడదడలాడాయి. అల్ హిలాల్‌లో మేమందరం రోడ్డు మీదికి పరిగెత్తాం. అల్ తుమామాలో ఫహద్ తన వాళ్ళందరినీ మెట్ల కింద ఉన్న సామాన్ల గదిలోకి తోశాడు. రమీజా పరుగున నీళ్ళ క్యాను తెచ్చి అందించింది. క్యాను లోపలికి పోయింది, తలుపు మూసుకుంది.

రమీజా వంటింటి తలుపు తీసుకుని గేటు దగ్గరికి వచ్చింది. రామాంజులు కారు షెడ్డు రేకుల కింద నిలబడి ఉన్నాడు.

"అన్నా, ఆ రూము ఇరుకంట. చోటు లేదంట," అంది.

"ఈడ కూచో మా," అని ఆయన కారు వెనక తలుపు తెరిచాడు. అప్పుడే ఫహద్ ఫోన్ చేసి గేటు గడియ వేసి ఉందో లేదో చూడమన్నాడు. వేసే ఉందని చెప్పాడు. ఇంతలో ఊరినుంచి భార్య ఆంజనమ్మ ఫోన్.

"ఏమయ్యా, టీవీలో చూపిస్తాండారు! మీ కాడే పడతాండాయంట గదా!"

"ఏం లేదు, దీపావళి మాదిరి ఉండాది. ఆ టీవీ కట్టెయ్ నువ్వు," అన్నాడు.

ఆ సాయంత్రం ఎవరికీ ఏమీ కాలేదు. అయినా ఫహద్‌లో ఏదో మారిపోయింది. రోజంతా ఫోనులో వీడియోలు చూడసాగాడు. అమెరికాలో కొందరు ఇంటిని కోటలా తయారు చేసుకుంటారు కదా, ఎన్ని డబ్బాల తిండి దాచాలి, ఏ సంచిలో ఏమి పెట్టాలి, ఏ తుపాకి కొనాలి అని చెప్పేవాళ్ళు, వాళ్ళ వీడియోలు. ఒక శుక్రవారం రామాంజులును మజ్లిస్‌లోకి పిలిచాడు. మజ్లిస్ అంటే అతిథులు కూర్చునే గది. ఆరేళ్ళలో రామాంజులు ఆ గదిలోకి సోఫాలు మోసుకుని వెళ్ళాడు తప్ప ఎప్పుడూ కూర్చోలేదు.

ఫహద్ హిందీ, అరబ్బీ కలిపి మాట్లాడతాడు. రామాంజులు నాకు తెలుగులో ఎలా చెప్పాడో అలా రాస్తున్నాను.

"కూర్చో. నువ్వు సైన్యంలో చేశావు. ఆపద వస్తే ఇంటికి ఏమేం కావాలో నువ్వు చెప్పు," అన్నాడు ఫహద్. రమీజా చాయ్ తెచ్చి, కూర్చున్న రామాంజులును చూసి, కప్పు ముందు ఎవరికి ఇవ్వాలో తెలియక నిలబడిపోయింది.

ఆ రోజు రామాంజులు మా షాపుకు వచ్చినప్పుడు ముఖం వెలిగిపోతోంది. చేత్తో రాసుకొచ్చిన జాబితా నాతో ఇంగ్లీషులో టైపు చేయించాడు. తాగేనీళ్ళు, టార్చీలు, చిన్న రేడియో, పాస్‌పోర్టుల నకళ్ళు, గ్యాసు కట్టేసే పద్ధతి, ముసలమ్మ చక్కెర జబ్బు సూదిమందుకు ఐసు డబ్బా. వీడియోల్లో చూసి రాసింది కాదు అది. ఆ ఇంటిని ఆరేళ్ళు కళ్ళారా చూసినవాడు రాసింది. పైన మనుషుల సంఖ్య రాయించాడు: ఎనిమిది.

పది రోజులకు సంచులు వచ్చాయి. ఆరు. ఒక్కోదాని మీద ఒక్కో పేరు కుట్టించి ఉంది, పాపది గులాబీ రంగుది.

"అన్నా, మనకు లేవా?" అని అడిగింది రమీజా.

రామాంజులు వెళ్ళి ఫహద్‌ను అడిగాడు. ఫహద్ ఏమాత్రం దురుసుగా కాకుండా, నిజంగానే ఆశ్చర్యపోతూ అన్నాడు: "మీకు మీ ఎంబసీ ఉంది కదా!"

ఆ సంగతి రామాంజులు చాయ్ కొట్టు దగ్గర చెప్పాడు. తర్వాత తన డబ్బుతో రెండు మామూలు సంచులు కొని, ఒకటి రమీజాకిచ్చాడు.

సెప్టెంబరులో దోహాలోనే ఒక ఇంటి మీద బాంబులు పడ్డాయి. మిట్టమధ్యాహ్నం దాటాక, పట్టపగలు. ఆ వారమే ఫహద్ తుపాకి కొనాలని నిశ్చయించుకున్నాడు. విమానాల్నుంచి వచ్చే బాంబులకు తుపాకి ఏం చేస్తుందని మీరు అడగొచ్చు. రామాంజులు అడిగాడు.

"బాంబులు పడ్డాక పోలీసులు ఉండరు. అప్పుడు మనుషులు వస్తారు," అన్నాడు ఫహద్.

"ఏ మనుషులు బాబా?"

ఫహద్ మళ్ళీ ఫోనులోకి తల వంచాడు. ఆ ప్రశ్న అప్పుడే ఇంకొంచెం గట్టిగా అడిగి ఉండాల్సిందని రామాంజులు తర్వాత నాతో అన్నాడు.

ఆ నెలలోనే డేగల, వేట సామాన్ల ఎగ్జిబిషన్ జరిగింది. ఈ దేశస్థులు అనుమతి తీసుకుని అక్కడ వేట తుపాకులు కొనుక్కోవచ్చు. ఫహద్ రామాంజులును చొక్కా మార్చుకోమని చెప్పి వెంట తీసుకెళ్ళాడు. ఏసీ హాలులో పొడవాటి బల్లల మీద తుపాకులు వరసగా పరిచి ఉన్నాయి. కొన్నింటి మీద వెండి చెక్కడాలు, కొన్ని నల్లగా, సినిమాల్లో కనిపించేవాటిలా ఉన్నాయి. ఫహద్ చూపు నల్లవాటి మీదే నిలిచింది.

"ఇది చూడు. వరసగా పేలుతుందట."

"బాబా, అది వద్దు. దాంట్లో తూటా ఉండేది లేనిది బయటికి అగపడదు. ఆపదలో చేతులు వణుకుతాయి. వణికే చేతికి ఎంత సులువుదైతే అంత మంచిది," అన్నాడు రామాంజులు.

మూడో బల్ల దగ్గర మామూలు డబుల్ బ్యారెల్ ఒకటి చూపించాడు. పన్నెండు బోరు, ఒక గొట్టం మీద ఇంకొకటి. కీలు దగ్గర మధ్యకు విరిస్తే లోపల ఏముందో చిన్నపిల్లాడికైనా కనిపిస్తుంది. అలా విరిచి ఉంచితే పేలదు. అమ్మేవాడు తెల్లవాడు. ఫహద్ సైగ చేస్తే తుపాకిని రామాంజులు చేతికిచ్చాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆయన చేతులు తుపాకిని పట్టుకున్నాయి. గొట్టం నేలవైపు వంచాడు, విరిచాడు, వెలుతురుకు పెట్టి లోపలికి చూశాడు, వేలు ట్రిగ్గరు దరికి పోనీయకుండా మూశాడు. అమ్మేవాడు తల ఊపి, ఫహద్‌తో ఇంగ్లీషులో ఏదో అన్నాడు.

"నీ మనిషికి పని బాగా తెలుసు అన్న్యాడంట. నాకు గర్వం కలిగె అబ్బీ. తప్పు నాది గూడా ఉండాది. నాకు గర్వం కలిగె," అన్నాడు రామాంజులు నాతో.

తిరిగి వస్తూ కారులో ఫహద్‌కు జాగ్రత్తలన్నీ చెప్పాడు. ఇనుప బీరువా గోడకు బిగించాలి. తూటాలు వేరే చోట, వేరే తాళంలో ఉండాలి. తాళాలు ఒక్కరి దగ్గరే ఉండాలి. పిల్లలకు దాచిపెట్టి చెప్పకపోవడం కంటే, చూపించి, ముట్టవద్దని చెప్పడం మేలు. అవన్నీ చెప్పి, మనసు ఆగక కాంట్రాక్టరు ఇంటి కథ కూడా చెప్పాడు. గోడకు తగిలించిన తుపాకి, అన్నం, అన్నదమ్ములు, కాలు.

"బయటోడు వస్తాడని కొంటారు బాబా. బయటోడు రాడు. ఏమైనా అయితే ఇంట్లో ఉండేవాండ్ల తోనే అవుతాది. అందుకే ఇన్ని మాట్లు చెప్తాండా."

ఫహద్ పక్క సీటులోంచి తల తిప్పి రామాంజులు వైపు చూశాడు. తర్వాత రేడియో గట్టిగా పెట్టాడు.

అనుమతి వచ్చింది, తుపాకి వచ్చింది. బీరువాను ఫహద్ పడకగదిలో గోడకు బిగించింది రామాంజులే. డ్రిల్లు పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుని నాలుగు బోల్టులు ఎక్కించాడు. బంధువులు వచ్చినప్పుడల్లా ఫహద్ తుపాకిని తీసి చూపించేవాడు. ఒకరోజు మామా తమ్ముడు, అంటే ఫహద్ బావమరిది, వచ్చి, ఎవరు ఎంచారని అడిగాడు. మా డ్రైవరు, మాజీ సైనికుడు అని ఫహద్ గొప్పగా చెప్పాడు.

"బీరువా ఎవరు బిగించారు?"

"అతనే."

తమ్ముడు అరబ్బీలో అక్కతో ఏదో అన్నాడు. పక్కన పళ్ళెం పట్టుకుని ఉన్న రమీజాకు అరబ్బీ బాగా వచ్చు. పదేళ్ళుగా ఈ దేశంలో ఉంది. ఆ మాట వచ్చి రామాంజులుకు చెప్పింది.

"ఇంటికి గట్టి తాళం యేసి, బీగంచెవి దొంగకే ఇచ్చినట్లుంది అన్న్యాడు అన్నా."

"నేనెప్పుడు దొంగనైతి మా?" అన్నాడు రామాంజులు.

ఆ వారం నుంచి కూరగాయల సంచులు వంటింట్లోకి తేవద్దని, గుమ్మం ముందు పెట్టి పొమ్మని చెప్పారు. తర్వాత కెమెరాలు వచ్చాయి. ఒకటి గేటు మీద, ఒకటి వెనక గోడ మీద. మూడోది సరిగ్గా డ్రైవరు గది తలుపుకు ఎదురుగా. కెమెరాలు బిగించేవాడికి నిచ్చెన పట్టుకున్నది రామాంజులే. "కొంచెం ఎడమకు తిప్పు" అని ఫహద్ కింద నిలబడి ఫోనులో చూస్తూ చెప్తుంటే, తెరమీద తన గది, తన మంచం అంచు, ఆరేసుకున్న తన లుంగీ కనిపించాయి.

"బాబా, ఆడ నేనుండేది," అన్నాడు.

"మాఫీ ముష్కిల్, ఏం ఫరవాలేదు. నీకు కూడా రక్షణే," అన్నాడు ఫహద్.

నేను అప్పుడే చెప్పాను, ఇంకో ఇల్లు చూసుకోండి అన్నా అని. ఈ ఇంట్లో పాప ఉంది, పెద్దోడి పరీక్షలున్నాయి, వేసవి దాకా చూద్దాం అన్నాడు.

నవంబరు చివర, ఎండ తగ్గిన రోజుల్లో, ఫహద్‌కు ఇంకో ఆలోచన వచ్చింది. ఇంట్లో అందరూ ఒకసారి అభ్యాసం చేయాలి. ఒక శుక్రవారం పొద్దున, నాష్టా అయ్యాక అందరినీ పోగుచేశాడు. ఆడవాళ్ళు, పిల్లలు సంచులు తగిలించుకుని మెట్ల కింది గదిలోకి వెళ్ళాలి. రమీజా వంటింట్లో ఉండి, అలికిడి కాగానే అరవాలి.

"మరి వచ్చేవాడు ఎవరు?" అని పెద్దకొడుకు అడిగాడు.

ఫహద్ రామాంజులు వైపు తిరిగాడు. "నువ్వు వెనక సందులోంచి గోడ దూకి రా. వంటింటి తలుపు దాకా ఎంతసేపట్లో వస్తావో చూడాలి."

"నేనా బాబా?"

"నీకంటే తెలిసినవాడు ఎవరున్నారు? యల్లా, యల్లా, త్వరగా."

రామాంజులు చెప్పులు విడిచి సందులోకి వెళ్ళాడు. ఎదురింటి డ్రైవరు కారు కడుగుతూ చూసి, "ఏమైంది, గేటు తాళం పోయిందా?" అని హిందీలో నవ్వాడు. ఈయనా నవ్వడానికి ప్రయత్నించాడు. నలభై ఆరేళ్ళ మనిషి గోడ ఎక్కి, ఏసీ పెట్టె మీద కాలు పెట్టి దిగాడు. మోకాలి దగ్గర ప్యాంటు చిరిగి చర్మం గీరుకుపోయింది. తను ఆరేళ్ళు కాపలా ఉన్న గోడ అది. వంగి వంగి నడుస్తుంటే, ఇదంతా కెమెరాలో పడుతోందని గుర్తొచ్చింది.

వంటింటి తలుపు తోశాడు. రమీజా చెప్పినట్టే అరిచింది. అరుస్తూనే సిగ్గుపడి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. వంటింట్లోకి వచ్చే నడవా చివర ఫహద్ నిలబడి ఉన్నాడు. చేతుల్లో డబుల్ బ్యారెల్. గొట్టం సరిగ్గా రామాంజులు గుండెకు గురిపెట్టి ఉంది. వేలు ట్రిగ్గరు మీద ఉంది.

"బాబా, గొట్టం కిందికి," అన్నాడు రామాంజులు మెల్లగా.

"ఖాలీ, ఖాలీ," అన్నాడు ఫహద్ నవ్వుతూ. "ఇప్పుడు నువ్వు చచ్చిపోయినట్టే!"

మెట్ల కింది గదిలోంచి చిన్నపాప ఎప్పుడు జారుకుందో ఎవరూ చూడలేదు. బల్ల చాటునుంచి వచ్చి, "రంజూ దొంగ! రంజూ దొంగ!" అని కిలకిల నవ్వుతూ రామాంజులు చేయి పట్టుకుంది. ఫహద్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. గొట్టం కిందికి దిగలేదు.

ఆ తర్వాతిది తాను ఆలోచించి చేసింది కాదంటాడు రామాంజులు. పాపను వెనక్కి తోశాడు. రెండు అంగల్లో ముందుకు వెళ్ళి, ఎడమ అరచేత్తో గొట్టాన్ని కప్పు వైపు కొట్టాడు. కుడిచేత్తో తుపాకి లాక్కున్నాడు. విరిచాడు.

రెండు ఎర్ర తూటాలు పైకి తేలాయి. వాటిని లాగి అరచేతిలో పెట్టి చూపించాడు.

ముందురోజు ఫహద్ స్నేహితులతో ఎడారిలో డేరాలు వేసుకునే చోటికి తుపాకి తీసుకెళ్ళాడు. అక్కడ నింపాడు. తీయడం మరిచిపోయాడు. తూటాలు వేరే తాళంలో ఉన్నాయి కాబట్టి తుపాకి ఖాళీగానే ఉందని నమ్మాడు.

అంతలో పాప ఏడ్చింది, పడినప్పుడు మోచేయి కొట్టుకుంది. ఆ ఏడుపుకు ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. వాళ్ళకు కనిపించింది ఏమిటి? నేల మీద ఏడుస్తున్న పాప. ఖాళీ చేతులతో, రంగు పోయిన ముఖంతో ఫహద్. చిరిగిన ప్యాంటుతో, తుపాకి పట్టుకుని నిలబడ్డ డ్రైవరు. ముసలమ్మ పెట్టిన కేక వీధిలోకి వినపడిందట.

రామాంజులు విరిచిన తుపాకిని వంటగట్టు మీద పెట్టాడు. తూటాలు పక్కన పెట్టాడు. నాలుగు అడుగులు వెనక్కి వేసి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

ఆ మధ్యాహ్నం ఫహద్ డ్రైవరు గదికి వచ్చాడు. భుజం మీద చేయి వేసి షుక్రన్ అని థాంక్స్ చెప్పాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. అది అబద్ధం కాదని రామాంజులు ఇప్పటికీ అంటాడు. కానీ సాయంత్రానికి మామా తమ్ముడు వచ్చాడు. రమీజా విన్నంత విని చెప్పింది. కెమెరాలో గోడ దూకింది చూశారు. వంటింట్లో కెమెరా లేదు, లోపల జరిగింది ఎవరికి తోచినట్టు వాళ్ళు చెప్పుకున్నారు. ఎంత వేగంగా దూకాడో, రెండు క్షణాల్లో ఫహద్ చేతిలోంచి తుపాకి ఎలా ఊడబెరికాడో. మామా ఇంకో మాట అంది. "ఆపద బయటినుంచి రాదు, ఇంట్లో ఉన్నవాళ్ళతోనే అని అతనే అన్నాడటగా. మరి మన ఇంట్లో ఉన్నది ఎవరు?"

ఆదివారం పొద్దున ఆఫీసుకు తీసుకెళ్తుంటే, ఫహద్ ఎప్పటిలా ముందు సీటులో కాకుండా వెనక కూర్చున్నాడు.

"ఊరికి వెళ్ళు. నీ పిల్లల దగ్గర ఉండు," అన్నాడు.

"ఎన్ని దినాలు బాబా?"

ఫహద్ కిటికీలోంచి బయటికి చూశాడు. "ఇంట్లో ఆడవాళ్ళకు నిద్ర పట్టడం లేదు."

"నేను ఏం జేసినా బాబా?"

"ఏమీ చేయలేదు," అన్నాడు ఫహద్. "నిన్ను చూస్తే భయపడుతున్నారు. నేనేం చేయను?"

మరుసటి రోజు రామాంజులు మా షాపుకు వచ్చి, ఎప్పటిలాగే తన వంతు కోసం నిలబడ్డాడు. రాజీనామా టైపు చేయమన్నాడు.

"కారణం ఏం రాయమంటారు అన్నా?"

"ఇంటి పరిస్థితులు అని రాయమన్న్యాడు బాబా."

నాకు ఒళ్ళు మండింది. "పాప ప్రాణం కాపాడినందుకు అని రాస్తాను. ఎంబసీకి పోదాం. లేబరు ఆఫీసుకు పోదాం."

"పోయి?" అన్నాడు. "తుపాకి నింపి మరిచిపోయింది ఆయన అని చెప్పాల. రుజువేది? నా చేతిలో తుపాకి ఉండేది మాత్రం అందరూ చూసినారు. పరదేశపోని చేతికి తుపాకి ఎట్ల వచ్చె అని మొదట నన్నే అడుగుతారు. ఒగసారి కూచున్యా అబ్బీ స్టేషన్లో. ఇంగ చాలు."

"ఇంకో ఇంట్లో చేరండి. ఇప్పుడు యజమాని అనుమతి లేకున్నా మారొచ్చు కదా."

"మారొచ్చు. మిలిటరీలో చేసినావా అని నువ్వు నన్ను మొదటి దినమే అడిగితివి. నిలబడింది చూసి అడిగితివి. వాండ్లు అడగరా?"

నేను టైపు చేశాను. 'ఇంటి పరిస్థితుల వల్ల' అని ఇంగ్లీషులోనూ, అరబ్బీలోనూ. ఆయన సంతకం పెట్టాడు. నా జీవితంలో నేను కొట్టిన అబద్ధపు కాగితాలు ఎన్నో ఉన్నాయి, అందులో నాకు గుర్తుండేది ఇదొక్కటే.

ఫహద్ లెక్కలో ఒక్క రియాలు తగ్గించలేదు. విమానం టికెట్టు, ఒక నెల జీతం అదనంగా ఇచ్చాడు. పాపకు మాత్రం చెప్పలేదు. రామాంజులు విమానం ఎక్కిన రోజు స్కూలుకు మామా తమ్ముడు దింపాడు.

మూడు వారాల తర్వాత ఫహద్ స్వయంగా మా షాపుకు వచ్చాడు. కొత్త డ్రైవరు కోసం ఏజెన్సీకి ఉత్తరం. వయసు, లైసెన్సు, అరబ్బీ వచ్చి ఉండాలి అని చెప్పి, ఒక నిమిషం ఆగి, సైన్యంలోగానీ పోలీసులోగానీ పనిచేసి ఉండకూడదు అని చేర్చమన్నాడు. నేను ఆయన ముఖం వైపు చూశాను. ఆయన నా ముఖం వైపు చూడలేదు. అది కూడా టైపు చేశాను.

రామాంజులు ఇప్పుడు రాయచోటిలో మోటార్లు రిపేరు చేసే షెడ్డులో పనిచేస్తున్నాడు. నడుం నొప్పితో వచ్చేశాడని ఆంజనమ్మ ఊళ్ళో చెప్పుకుంది. అసలు సంగతి ఆమెకు కూడా సగమే చెప్పాడట. నేను ఫోన్ చేసినప్పుడల్లా పాపను గురించి అడుగుతాడు. నాకేం తెలుస్తుంది? రమీజాను అడగమంటాను.

రమీజా అక్కడే ఉంది. కాంట్రాక్టు ఇంకా పద్నాలుగు నెలలు ఉంది, మధ్యలో వచ్చేస్తే ఊళ్ళో చూసుకునేవాళ్ళు లేరు. తుపాకి కూడా అక్కడే ఉంది. ఆ శుక్రవారం తర్వాత ఫహద్ దాన్ని బీరువాలో పెట్టడం మానేశాడు. ఆపద సమయంలో తాళం తీసేంత వ్యవధి ఉండదని మామా తమ్ముడు చెప్పాడట. ఇప్పుడు అది ఫహద్ మంచం పక్కన, అలమర వెనక ఉంటుంది. రమీజా రోజూ దాని చుట్టూ ఊడుస్తుంది. ఆమె పడుకునే ఇస్త్రీ గది ఆ పడకగదికి ఎదురుగా, నడవాకు ఇవతల ఉంది.

పోయిన నెల ఆమె రామాంజులుకు ఫోన్ చేసింది. చిన్న ప్రశ్న అడిగింది. పొరపాటున అది పేలితే తన గది తలుపు ఆపుతుందా అని.

"చెక్క తలుపు ఆపదు మా," అని చెప్పాడు ఆయన. "గోడ ఆపుతాది. తలుపుకు నేరుగా పడుకోవద్దు. పరుపు ఎడమపక్క గోడ మూలకు జరుపుకో. తల అటు పెట్టుకో."

ఆమె ఫోన్ పక్కన పెట్టి పరుపు జరిపింది. జరిపేటప్పుడు నేల మీద రాసుకున్న చప్పుడు ఆయనకు వినపడింది.

"జరిపినా అన్నా," అంది.

"ఇంగొంచెం," అన్నాడు రామాంజులు.